ఎండిన ప్రోబయోటిక్‌లు: తయారీ, నిల్వ, కరువు సీమలో మనుగడ

మేలు చేసే బాక్టీరియాను పెంచి, వాటిలోని నీరు తీసేసి, పొడిగా మార్చి, నెలల తర్వాత కూడా ప్రాణంతో లేచేలా నిల్వ చేసే విద్య ప్రోబయోటిక్ పరిశ్రమకు పునాది. మందుల షాపులో దొరికే సాచెట్లు, క్యాప్సూళ్లు, పసిపిల్లలకు వేసే నూనె చుక్కలు, కోస్తా జిల్లాల రొయ్యల చెరువుల్లో చల్లే పొడులు ఎక్కువగా ఈ విద్య మీదే ఆధారపడి ఉన్నాయి. ఎండబెట్టే యంత్రంలో ఎన్ని చచ్చాయి, ఎన్ని మిగిలాయి అన్నది సగం లెక్క మాత్రమే. యంత్రం నుంచి బయటికొచ్చిన పొడి గోదాములో, లారీలో, షాపు అరలో, చివరికి ఇంటి గూట్లో ఎన్ని ప్రాణాలను నిలుపుకుందన్నది అసలు లెక్క.

ఆ లెక్కకు గట్టి పరీక్ష పెట్టే ఊళ్లలో అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం ఒకటి. కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా, దక్కన్ పీఠభూమి మీద, ఎర్రనేలల మధ్య ఉన్న పట్టణమిది. జిల్లా సగటు వార్షిక వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఆ కాస్తలో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలు. శెట్టూరు, కుందుర్పి, కంబదూరు, బ్రహ్మసముద్రం మండలాల జనానికి మందులకైనా, విత్తనాలకైనా దగ్గరి బజారు ఇదే. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఏసీ గదిలో పుట్టిన పొడి ఇక్కడి రేకుల కప్పు కింద వేసవిని దాటగలిగితే, దేశంలో దాదాపు ఎక్కడైనా దాటగలదు.

ఎన్ని బతికుంటే ప్రోబయోటిక్

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి 2001లో అర్జెంటీనాలోని కోర్డోబాలో నిపుణులను సమావేశపరిచాయి. తగినంత పరిమాణంలో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లని అక్కడ నిర్వచించారు. ఈ నిర్వచనంలో బరువంతా ‘సజీవ’, ‘తగినంత’ అన్న రెండు షరతుల మీద ఉంది. ఎండబెట్టడమూ, నిల్వా ఈ రెంటికీ సంబంధించినవే.

భారతదేశంలో భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2011లో మార్గదర్శకాలు తెచ్చాయి. ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2016లో ఇచ్చిన నిబంధనల ప్రకారం, ప్రోబయోటిక్ ఆహారంలో ఒక రోజుకు తీసుకోవలసిన మోతాదులో కనీసం 10 కోట్ల బతికున్న సూక్ష్మజీవులు ఉండాలి. లెక్కించే ప్రమాణం సీఎఫ్‌యూ. పొడిని నీటిలో కరిగించి, పలచబరచి, పోషక జెల్లీ మీద పరచి, మొలిచిన గుంపులను లెక్కపెడతారు. ఒక్కో గుంపు ఒక బతికున్న కణం నుంచో, అతుక్కుని ఉన్న కణాల ముద్ద నుంచో పుట్టినట్టు లెక్క. ప్రాణం ఉండి కూడా జెల్లీ మీద మొలవలేని కణాలు ఈ లెక్కలోకి రావు. అందుకే కణపొర చెక్కుచెదరకుండా ఉందా లేదా అని రంగులతో గుర్తించి లెక్కించే ఫ్లో సైటోమెట్రీ పద్ధతిని కూడా ఇప్పుడు వాడుతున్నారు. రెండు పద్ధతుల అంకెలు ఒకదానితో ఒకటి సరిపోలవు. డబ్బా మీద ఏ లెక్క వేశారో చూడకుండా అంకెలను పోల్చడం తప్పు.

నీరు పోతే కణానికి ఏమవుతుంది

బాక్టీరియా కణం బరువులో ఎక్కువ భాగం నీరే. ఆ నీరు ప్రోటీన్లను సరైన మడతలో నిలిపి ఉంచుతుంది. కణపొరలోని కొవ్వు అణువుల తలలను ఒకదానికొకటి దూరంగా ఉంచుతుంది. నీరు లాగేసినప్పుడు ఆ తలలు దగ్గరికి జరుగుతాయి. ద్రవంలా కదిలే పొర గడ్డకట్టిన కొవ్వులా బిగుసుకుపోతుంది. ఎండినంతసేపూ ఆ కణం చెక్కుచెదరనట్టే ఉంటుంది. మళ్లీ నీరు తగిలి పొర ద్రవస్థితికి మారే క్షణంలో చిల్లులు పడి, లోపలి సరుకు బయటికి కారిపోతుంది. కణాలు ఎండేటప్పుడే కాదు, తడిసేటప్పుడు కూడా చస్తాయి.

ప్రకృతిలో ఈ గండం గట్టెక్కిన జీవులు చాలా ఉన్నాయి. నాచు మొక్కలు, కొన్ని పురుగులు, ఈస్టు, ఎండిన బురదలోని రోటిఫర్లనే సూక్ష్మ జంతువులు ఏళ్ల తరబడి ఎండి ఉండి లేస్తాయి. వీటిలో కొన్నింట్లో ట్రెహలోజ్ అనే చక్కెర గుట్టగా పోగవుతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణంలో జాన్ క్రో, లోయిస్ క్రో దంపతులు 1980లలో చేసిన ప్రయోగాలు దీని పనితీరును బయటపెట్టాయి. నీరు వెళ్లిపోయిన చోట చక్కెర అణువులు కొవ్వు తలల మధ్య కూర్చుని, నీటి స్థానాన్ని భర్తీ చేస్తాయి. పొర బిగుసుకోదు, తడిసినప్పుడు చిల్లులు పడదు.

చక్కెర చేసే రెండో పని గాజుగా మారడం. నీరు చాలినంత తగ్గితే చక్కెర స్ఫటికం కట్టకుండా, అణువులు ఎక్కడివక్కడ నిలిచిపోయిన గట్టి పదార్థమవుతుంది. శనక్కాయల చిక్కీలో పాకం చల్లారి పెళుసుగా అయ్యేది ఈ స్థితికే. వానాకాలంలో మూత సరిగ్గా పెట్టని చిక్కీ మెత్తబడి అంటుకున్నట్టే, తేమ పీల్చిన ప్రోబయోటిక్ పొడి కూడా గాజు స్థితి వదిలి జిగురవుతుంది. గాజులో చిక్కుకున్న కణంలో రసాయన చర్యలు చాలా నెమ్మదిస్తాయి. జిగురులో అవి మళ్లీ పరుగందుకుంటాయి.

గాజు మెత్తబడే ఉష్ణోగ్రత ఒక్కో చక్కెరకు ఒక్కో తీరు. పూర్తిగా ఎండిన ట్రెహలోజ్‌కు అది సుమారు 115 డిగ్రీలు, పంచదారకు 65 నుంచి 70 డిగ్రీల మధ్య. అయితే తేమ చేరే కొద్దీ ఈ అంకె జారిపోతుంది. పంచదార గాజులో మూడు నాలుగు శాతం నీరు చేరితే చాలు, మెత్తబడే హద్దు 40 డిగ్రీల పరిసరాలకు దిగివస్తుంది. అంటే చల్లని దేశంలో గట్టిగా ఉండే అదే పొడి కళ్యాణదుర్గం మే నెల మధ్యాహ్నానికి హద్దు మీద నిలబడి ఉంటుంది. అదే తేమతో ఉన్న ట్రెహలోజ్ మెత్తబడే హద్దు ఆ వేడికి ఇంకా చాలా పైన ఉంటుంది. కరువు సీమకు పంపే పొడిలో ఏ చక్కెర వాడారన్నది అందుకే ఖర్చుకు సంబంధించిన చిన్న విషయంగా వదిలేయదగ్గది కాదు.

చరిత్ర

డచ్ సూక్ష్మదర్శిని పరిశోధకుడు లీవెన్‌హుక్ 1702లో ఇంటి చూరు కాలువలోని ఎండిన మట్టికి నీళ్లు కలిపి, అందులో రోటిఫర్లు కదలడం చూశాడు. ప్రాణం ఇలా ఆగి మళ్లీ సాగడానికి డేవిడ్ కీలిన్ 1959లో ‘క్రిప్టోబయోసిస్’ అని పేరు పెట్టాడు. మధ్యలో ఎండబెట్టే సాంకేతికత ఎదిగింది. గడ్డకట్టించి శూన్యంలో ఎండబెట్టే పద్ధతిని ఫ్రాన్సులో దార్సోన్వాల్, బోర్దా 1906లోనూ, అమెరికాలో షాకెల్ 1909లోనూ వివరించారు. 1930లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఫ్లాస్‌డార్ఫ్, మడ్ దాన్ని రక్తపు సీరానికి పనికొచ్చే స్థాయికి తెచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఎండిన ప్లాస్మా లెక్కలేనంత మంది సైనికులను కాపాడింది.

తెలుగు నేలకు ఈ విద్య వచ్చిన దారుల్లో ముఖ్యమైనది మశూచి టీకా. ద్రవరూపంలోని పాత టీకా ఎండ దేశాల్లో కొద్ది రోజులకే నిర్వీర్యమయ్యేది. లండన్ లిస్టర్ సంస్థలో లెస్లీ కోలియర్ 1950లలో పెప్టోన్ కలిపి ఎండబెట్టిన టీకా వేడిని నెలల తరబడి తట్టుకుంది. 1967లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదలుపెట్టిన ముమ్మర నిర్మూలన కార్యక్రమం ఈ ఎండిన టీకా మీదే నిలబడింది. భారత్‌లో దాన్ని తయారుచేసిన కొద్ది సంస్థల్లో హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ ఒకటి. దేశంలో చివరి మశూచి కేసు 1975లో నమోదైంది. మశూచి టీకాలో ఉండేది బాక్టీరియా కాదు, వైరస్. అయినా నీరు తీసేయడం, రక్షక పదార్థం కలపడం, గాలి చొరకుండా మూసేయడం అన్న మూడు సూత్రాలూ రెంటికీ ఒకటే. ఫ్రిజ్ లేని పల్లెకు ప్రాణమున్న మందు చేర్చడం సాధ్యమేనని ఈ దేశం అప్పుడే రుజువు చేసింది. ప్రోబయోటిక్‌ల విషయంలో కుదరదనే వాళ్లు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి.

ప్రోబయోటిక్ ఆలోచన కూడా గడ్డకట్టించి ఎండబెట్టే పద్ధతి పుట్టిన కాలానిదే. బల్గేరియా పెరుగులోని బాక్టీరియాను స్తామెన్ గ్రిగరోవ్ 1905లో వివరించాడు. పుల్లని పాలకూ దీర్ఘాయువుకూ ముడిపెట్టి పారిస్ పాశ్చర్ సంస్థలో మెచ్నికాఫ్ 1907లో రాశాడు. ఆ వెంటనే బాక్టీరియా మాత్రలు యూరప్ బజారుకెక్కాయి.

ఎండబెట్టే పద్ధతులు

ఫ్రీజ్ డ్రైయింగ్ అన్నిటికన్నా సున్నితమైనది, ఖరీదైనది. పెంచిన బాక్టీరియాను సెంట్రిఫ్యూజ్‌తో చిక్కబరచి, వెన్న తీసిన పాలపొడి, పంచదార, ట్రెహలోజ్, సోడియం ఆస్కార్బేట్ వంటి రక్షకాలు కలుపుతారు. మైనస్ 40 డిగ్రీలకు, కొన్నిసార్లు ఇంకా కిందికి గడ్డకట్టిస్తారు. తర్వాత గది ఒత్తిడిని వాతావరణ పీడనంలో పదివేలో వంతుకు అటూఇటూగా తగ్గిస్తారు. నీరు 6.11 మిల్లీబార్ల కంటే తక్కువ ఒత్తిడిలో ద్రవంగా నిలవలేదు కాబట్టి, మంచు కరగకుండానే నేరుగా ఆవిరైపోతుంది. చివర్లో ఉష్ణోగ్రత మెల్లగా పెంచి, అంటిపెట్టుకున్న నీటిని కూడా లాగుతారు. ఒక్క విడతకు రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. కరెంటు ఖర్చు భారీగా ఉంటుంది.

స్ప్రే డ్రైయింగ్ పాలపొడి పరిశ్రమ నుంచి వచ్చింది. ద్రవాన్ని సన్నని తుంపరగా చేసి, 150 నుంచి 200 డిగ్రీల వేడిగాలిలోకి వదులుతారు. బాక్టీరియా అక్కడికక్కడే ఉడికిపోతుందని అనిపించడం సహజం, కానీ అలా జరగదు. తుంపర బిందువులో నీరు ఉన్నంతసేపు ఆవిరయ్యే క్రియే దాన్ని చల్లగా ఉంచుతుంది. బిందువు వేడి 45, 50 డిగ్రీల దగ్గరే తచ్చాడుతుంది. ప్రమాదం చివరి క్షణంలో, నీరు అయిపోయి కణం గాలి వేడిని నేరుగా ఎదుర్కొనేటప్పుడు వస్తుంది. అందుకే ఇక్కడ గాలి లోపలికి వచ్చే వేడి కంటే బయటికి పోయే వేడి ముఖ్యం. దాన్ని 60, 70 డిగ్రీల పరిసరాల్లో పట్టుకోగలిగితే తట్టుకునే జాతులు బాగానే మిగులుతాయి. మరీ తగ్గిస్తే పొడిలో తేమ మిగిలిపోయి, నిల్వలో ఆ తేమే చంపుతుంది. ఈ రెంటి మధ్య ఇరుకు దారి వెతకడమే స్ప్రే డ్రైయింగ్‌లో నైపుణ్యం. కిలో పొడికి అయ్యే ఖర్చు ఫ్రీజ్ డ్రైయింగ్ కంటే ఎన్నో రెట్లు తక్కువ కాబట్టి, పేద దేశాలకు చవకగా చేరే ప్రోబయోటిక్ ఏదైనా ఉంటే అది ఈ దారిన వచ్చే అవకాశమే ఎక్కువ.

వేడిగాలిలో గింజలను తేలియాడించి ఎండబెట్టే ఫ్లూయిడ్ బెడ్ పద్ధతి బేకరీ ఈస్టుకు బాగా పనికొస్తుంది. శూన్యంలో తక్కువ వేడితో ఎండబెట్టడం, ఆల్జినేట్ ముత్యాల్లో బంధించి ఎండబెట్టడం కూడా వాడుకలో ఉన్నాయి.

ఎండబెట్టడానికి ముందే కణాన్ని సిద్ధం చేయడం యంత్రం ఎంపికంత ముఖ్యం. చురుగ్గా విభజన చెందుతున్న లేత కణాలు తేలిగ్గా చస్తాయి. తిండి అయిపోయి ఎదుగుదల ఆగిన దశకు చేరిన కణాలు మొండివవుతాయి. కొద్దిపాటి వేడి, ఉప్పు, ఆమ్లం ముందుగా రుచి చూపిస్తే, కణం రక్షక ప్రోటీన్లనూ బీటెయిన్ వంటి పదార్థాలనూ పోగుచేసుకుంటుంది. జాతి భేదం కూడా పెద్దదే. గుండ్రని ఎంటరోకాకస్ వంటివి పొడవాటి లాక్టోబాసిల్లస్ బల్గారికస్ కన్నా ఎండిపోవడాన్ని బాగా ఓర్చుకుంటాయి. బైఫిడోబాక్టీరియాకు ఆక్సిజనే విషం.

ఇంటి పద్ధతుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పెరుగు తోడులోనూ, చల్ల మిరపకాయలకు పట్టిన మజ్జిగలోనూ ఉండేవి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలే. సీమ ఇళ్లలో ఆ మిరపకాయలను రోజుల తరబడి ఎండలో ఆరబెడతారు. నెమ్మదిగా ఎండటం, అతినీలలోహిత కిరణాలు, చివరకు కాగే నూనె, ఇవన్నీ బాక్టీరియాకు చావే. రుచి కోసం, నిల్వ కోసం ఆ వంట గొప్పది. ప్రోబయోటిక్‌గా దాన్ని అమ్మజూపే మాటలు నమ్మదగ్గవి కావు. తాజా పెరుగు, మజ్జిగలో బతికున్న బాక్టీరియా ఉంటుంది, అది వేరే విషయం.

నిల్వలో జరిగే నష్టం

పొడి డబ్బాలో కూర్చున్న బాక్టీరియాను చంపేవి నాలుగు: తేమ, వేడి, ఆక్సిజన్, వెలుతురు. వీటిలో మొదటి రెండూ జంటగా పనిచేస్తాయి.

తేమను శాతంగా కన్నా ‘నీటి చురుకుదనం’ అనే కొలతతో చూడటం మేలు. స్వచ్ఛమైన నీటికి అది 1. పొడిలో ఉన్న నీరు ఎంత స్వేచ్ఛగా రసాయన చర్యల్లో పాల్గొనగలదో ఇది చెబుతుంది. గది వేడిలో నిల్వ ఉండాల్సిన ప్రోబయోటిక్ పొడికి ఈ అంకె 0.25 దాటకూడదు, 0.1 నుంచి 0.2 మధ్య ఉంటే ఇంకా మంచిది. 0.3, 0.4 దగ్గర బాక్టీరియా పెరగలేదు, కానీ చర్యలు సాగుతాయి. కణపొరలోని కొవ్వు ఆక్సిజన్‌తో కలిసి ముక్కిపోతుంది. రక్షకంగా కలిపిన పాల చక్కెర పాల ప్రోటీన్‌తో చర్య జరిపి గోధుమరంగుకు తిరుగుతుంది. తెల్లగా ఉండాల్సిన పొడి పసుపుబారితే లోపల చాలా ప్రాణం పోయిందని అనుమానించవచ్చు.

వేడి ప్రభావం మెట్లు మెట్లుగా ఉంటుంది. సాధారణంగా ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ చావు వేగం రెండు నుంచి మూడు రెట్లవుతుంది. 25 డిగ్రీల దగ్గర ఏడాదికి పదో వంతుకు తగ్గే పొడిని ఊహించుకుందాం. ఈ లెక్కన అది 40 డిగ్రీల దగ్గర సుమారు 2.3 నుంచి 4.2 నెలల్లోనే ఆ స్థితికి చేరుతుంది. ఇది గాజు స్థితి చెదరనప్పటి మాట. చెదిరితే పతనం ఇంకా నిటారుగా ఉంటుంది. మన దేశంలో మందుల దీర్ఘకాల నిల్వ పరీక్షలు 30 డిగ్రీల దగ్గర చేస్తారు. కళ్యాణదుర్గంలో ఆ అంకె చలికాలపు పగలుకు సరిపోతుంది.

కంపెనీలు ఈ నష్టాన్ని రెండు రకాలుగా ఎదుర్కొంటాయి. డబ్బా మీద రాసినదానికన్నా కొన్ని రెట్లు ఎక్కువ బాక్టీరియాను ముందే నింపడం ఒకటి. రెండోది పొట్లం. అల్యూమినియం పొర ఉన్న సాచెట్లు, నత్రజని నింపిన సీసాలు, మూతలో తేమ పీల్చే గుళికలు, ఇవి లేని ప్రోబయోటిక్ ఎంత మంచి జాతిదైనా నిలవదు. ప్లాస్టిక్ డబ్బా ఆవిరిని కొద్దికొద్దిగా లోపలికి రానిస్తుంది. పసిపిల్లల చుక్కల మందులో ఎండిన కణాలను నీటిలో కాక నూనెలో ఉంచేది కూడా తేమను దూరం పెట్టడానికే.

సరిగ్గా ఎండి, సరిగ్గా మూసినవి ఎంతకాలం నిలుస్తాయో సూక్ష్మజీవుల భాండాగారాలు చూపిస్తున్నాయి. కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలోనూ, చండీగఢ్‌లోని ఎంటీసీసీలోనూ గాజు ఆంప్యూళ్లలో ఎండిన బాక్టీరియా భద్రంగా ఉంటుంది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో 2014లో మొదలైన ఒక ప్రయోగం 500 ఏళ్లు సాగాలన్న ఉద్దేశంతో ఎండిన బాసిల్లస్ సబ్టిలిస్ స్పోర్లను సీసాల్లో మూసి పెట్టింది.

స్పోర్లు, హైదరాబాదు పరిశ్రమ

కొన్ని బాక్టీరియాలకు ఎండబెట్టే వాడి సాయం పెద్దగా అక్కర్లేదు. బాసిల్లస్ కుటుంబం తిండి దొరకనప్పుడు తన జన్యుపదార్థాన్ని పొరల మధ్య మూటగట్టి సిద్ధబీజంగా, అంటే స్పోరుగా మారుతుంది. దాని గర్భంలో నీరు బాగా తక్కువ. అక్కడ డైపికోలినిక్ ఆమ్లం కాల్షియంతో జతకట్టి నిండి ఉంటుంది. పైన ప్రోటీన్ కవచాలు. లాక్టోబాసిల్లస్‌ను నిమిషాల్లో చంపే వేడిని స్పోరు లెక్కచేయదు.

ప్రోబయోటిక్‌గా పేరొందిన స్పోరు బాసిల్లస్ కోయాగులాన్స్. అమెరికాలోని అయోవాలో చెడిపోయిన డబ్బా పాలల్లో హామర్ 1915లో దీన్ని గుర్తించాడు. లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది కాబట్టి 1930లలో దీనికి ‘లాక్టోబాసిల్లస్ స్పోరోజెనిస్’ అన్న పేరు కూడా పెట్టారు. శాస్త్రం ఆ పేరును ఎప్పుడో తోసిపుచ్చినా, మన మందుల షాపుల అట్టపెట్టెల మీద అది చాలాకాలం కొనసాగింది. పాలను చెడగొట్టిన అదే మొండితనం దీన్ని ఎండ దేశాల ప్రోబయోటిక్‌గా నిలబెట్టింది.

ఈ బాక్టీరియాను భారతదేశంలో జనసామాన్యానికి చేర్చడంలో హైదరాబాదుది పెద్ద చేయి. 1969లో జపాన్ శాంక్యో భాగస్వామ్యంతో యూని-శాంక్యోగా మొదలై తర్వాత సాన్‌జైమ్‌గా మారిన సంస్థ స్పోర్‌లాక్ పేరుతో దీన్ని అమ్మింది. దాని జాతికి ఎస్‌ఎన్‌జడ్ 1969 అన్న గుర్తు ఉంది. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలోని యూనిక్ బయోటెక్ మరో జాతిని, యూనిక్ ఐఎస్-2ను తయారుచేస్తుంది. ఫ్రిజ్ లేని ఊళ్లకు ప్రోబయోటిక్ పంపాలంటే స్పోరే దారి అన్న పట్టుదల ఈ పరిశ్రమలో కనిపిస్తుంది, అది సరైన పట్టుదలే. ఆంధ్ర తీరపు రొయ్యల చెరువులకు వెళ్లే పొడుల్లోనూ బాసిల్లస్ జాతులే ఎక్కువ.

అయితే స్పోరు అన్నిటికీ బదులు కాదు. ఒక జాతి మీద రుజువైన మేలు మరో జాతికి వర్తించదు. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువుల మీద జరిపి 2017లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరీక్షను తీసుకోండి. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ జాతినీ, ఫ్రక్టో-ఆలిగోశాకరైడ్‌నూ కలిపి 7 రోజులు ఇచ్చారు. రక్తంలో ఇన్ఫెక్షన్ సోకడం, మరణం కలిపి చూస్తే 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఆ జాతికి స్పోరు లేదు. దాన్ని పల్లెకు చేర్చాలంటే చక్కెర గాజు, మంచి పొట్లం, తక్కువ తేమ తప్ప వేరే దారి లేదు. ఈ ఫలితాన్ని చూసి ఎవరికి వారు పసిగుడ్లకు పొడి వేయడం ప్రమాదం. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ప్రోబయోటిక్‌లు ఇవ్వడంపై అమెరికా ఔషధ సంస్థ 2023లో హెచ్చరిక జారీ చేసింది. పిల్లల విరేచనాలకు మొదటి మందు ఓఆర్‌ఎస్, జింకు. ప్రోబయోటిక్ వాటి తర్వాతే.

వేరుశనగ చేలో ఇదే సమస్య

కళ్యాణదుర్గం రైతుకు పొట్లాల్లో వచ్చే బాక్టీరియాతో పరిచయం మందుల షాపు కన్నా ముందే, వేరుశనగ విత్తనం దగ్గర అయింది. వేరుశనగ వేళ్ల బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టే బ్రాడీరైజోబియాన్ని పొట్లాల్లో అమ్ముతారు. ఈ వ్యాపారం ప్రపంచంలో పాతదే: జర్మన్ శాస్త్రవేత్తలు నోబె, హిల్ట్‌నర్ 1896లోనే రైజోబియం కల్చర్‌కు పేటెంటు తీసుకున్నారు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ వేరుశనగకు తగిన జాతుల మీద చాలాకాలం పనిచేసింది. ఎన్‌సీ 92 అనే జాతి అక్కడి పరిశోధనల్లో పేరు తెచ్చుకుంది.

ఈ పొట్లంలో బాక్టీరియా ఎండి ఉండదు. లిగ్నైట్ పొడిలో 30 నుంచి 40 శాతం తేమతో, బతికి, ఊపిరి పీలుస్తూ ఉంటుంది. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల కణాలు ఉండాలి. పొట్లం ఆయుష్షు నెలల్లోనే. జూన్, జూలైలలో విత్తనం పడేలోపు ఈ పొట్లాలు దాటాల్సినది మే నెల. తడి పొట్లానికి ఆ నెలను మించిన శత్రువు లేదు. పొడి పొట్లం కన్నా ఇది ఎన్నో రెట్లు బలహీనం.

పొట్లం బతికినా పరీక్ష ముగియదు. బెల్లం నీళ్లతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెడతారు. ఆ గంటల్లో జరిగేది కూడా ఎండబెట్టడమే, రక్షకం బెల్లంలోని చక్కెరే. విత్తాక వాన మొహం చాటేస్తే ఎర్రనేల పైపొర వేడెక్కి, విత్తనం మీద ఉన్న కణాలు చాలావరకు చస్తాయి. తరతరాలుగా వేరుశనగ పండిన నేలలో స్థానిక రైజోబియం ఎలాగూ ఉంటుంది కాబట్టి, పొట్లం పనిచేసిందా లేదా అన్నది చేను చూసి చెప్పడం కష్టం. ఆహార ప్రోబయోటిక్‌ల కోసం జరిగిన పరిశోధనంతా, చక్కెర గాజు నుంచి పొట్లం పొరల దాకా, ఈ చిన్న పొట్లానికి కూడా అందాలి. వ్యవసాయ బాక్టీరియాకు ఖర్చు పెట్టేవాళ్లు తక్కువ కావడమే ఇప్పటిదాకా అడ్డు. ఫాస్ఫరస్‌ను కరిగించే బాసిల్లస్ మెగాటీరియం స్పోరు కట్టేది కాబట్టి దాని పొట్లాలు ఈ ఎండను మెరుగ్గా ఓర్చుకుంటాయి.

కళ్యాణదుర్గంలో పొడి నిలవాలంటే

ఈ ఊరి వాతావరణంలో ఒక అనుకూలత కూడా ఉంది. కోస్తాలో ఏడాది పొడుగునా గాలిలో తేమ. ఇక్కడ వేసవి గాలి బాగా పొడిగా ఉంటుంది. తెరిచిన సాచెట్ విజయవాడలో ముద్దకట్టేంత తొందరగా ఇక్కడ వేసవిలో కట్టదు. కానీ సెప్టెంబరు, అక్టోబరు వానల్లో ఆ తేడా చెరిగిపోతుంది. ప్రమాదకరమైన క్రమం ఇది: వానల్లో తేమ పీల్చిన పొడికి గాజు మెత్తబడే హద్దు వేసవికి కిందికి జారి ఉంటుంది, అప్పుడు వేడి తగులుతుంది. ఏడాదికి పైగా షాపులో ఉన్న సరుకును ఇక్కడ అనుమానించాల్సింది అందుకే.

ఇంట్లో పాటించాల్సినవి ఎక్కువేం లేవు. స్పోరు కాని ప్రోబయోటిక్‌ను షాపులో ఫ్రిజ్‌లో ఉంచితేనే కొనాలి, ఇంట్లోనూ ఫ్రిజ్‌లోనే పెట్టాలి. ఫ్రిజ్ నుంచి తీసిన సీసాను గది వేడికి వచ్చేదాకా తెరవకూడదు, లేకుంటే చల్లని పొడి మీద గాలిలోని తేమ నీరై చేరుతుంది. మూతలోని గుళికను పారేయకూడదు. పొడిని కాగిన పాలలోనో, వేడి జావలోనో కలిపితే అప్పటిదాకా పడ్డ శ్రమ అంతా పోతుంది. గోరువెచ్చని, 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉన్న నీటిలో కలిపి, కొద్ది నిమిషాలు ఆగి ఇవ్వడం ఎండిన కణానికి మేలు.

డబ్బా మీద చూడాల్సినవి మూడు: జాతి పేరు దాని గుర్తుతో సహా ఉందా, అంకె తయారైన రోజుదా లేక గడువు ముగిసే రోజుదా, నిల్వ ఏ ఉష్ణోగ్రతకని రాశారు. తయారీ రోజున ఎన్ని కోట్లు ఉన్నాయన్నది కొనేవాడికి పనికొచ్చే సమాచారం కాదు. గడువు చివరి రోజున 10 కోట్లకు తగ్గకుండా ఉంటాయని రాసి ఉండాలి. దేశంలో ఎంతోమంది 40 డిగ్రీల వేసవుల్లో బతుకుతుండగా, 30 డిగ్రీల పరీక్షతో సరిపెట్టుకోవడం న్యాయం కాదు. తయారీదారులు 40 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించి, ఎన్ని నెలలకు ఎన్ని మిగిలాయో డబ్బా మీద అచ్చు వేయాలి. నియంత్రణ సంస్థలు దాన్ని తప్పనిసరి చేయాలి. అది జరిగేదాకా కళ్యాణదుర్గం వంటి ఊళ్లలో ఫ్రిజ్ బయట ఉంచిన ప్రోబయోటిక్‌లలో స్పోరు రకాలనే నమ్మండి.